వెనక పిలుపు

పజుండౌంగ్‌లో నా పూటకూళ్ళ ఇంటికి ఎదురుగానే బుల్లియ్య కాపురం. మధ్యలో బండి పట్టేంత సందు. ఆ ఇంట్లో ఎవరు ముక్కు చీదినా నాకు వినబడేది. నా ఇంట్లో పోపు వేస్తే వాళ్ళకి తుమ్ములొచ్చేవి. అందుచేత ఈ కథలో నేను చూడనిది దాదాపు ఏమీ లేదు. చూడనిది ఏమైనా ఉంటే అడిగి తెలుసుకున్నాను. అడగడానికి ఈ వెంకమ్మకి ఏనాడూ మొహమాటం లేదు.

బుల్లియ్య బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పని చేసేవాడు. రంగం, అదే రంగూన్, వచ్చిన కొన్నాళ్ళకి ఖిన్ ఖిన్ అనే బర్మా పిల్లని చేసుకున్నాడు. సన్నటి మనిషి, నవ్వు ముఖం. జుట్టు ఎప్పుడూ నడినెత్తిన ముడి వేసుకునేది. ఆ ముడిలో పొడుగాటి బర్మా చుట్ట ఒకటి గుచ్చి ఉండేది. తెలుగు నా వంటింట్లోనే నేర్చుకుంది. మాట్లాడడానికి తడబడేది గాని మనం అనుకునేదంతా అర్థమయ్యేది. ఆ సంగతి తెలియక మా ఆడవాళ్ళు ఆమె ఎదుటే ఆమె గురించి చెప్పుకునేవారు. ఆ పిల్ల వింటూ, నవ్వుతూ ఊరుకునేది. నేనైతే జుట్టు పట్టుకుని ఉందును.

బుల్లియ్య తల్లి అచ్చమ్మ సంగతి వేరు. భీమిలి ఒడ్డున చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. కేక వేసిందంటే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. కొడుకు బర్మా పిల్లని కట్టుకున్నాడని తెలిసి, నాలుగు చీవాట్లు పెట్టి పోదామని స్టీమరెక్కి వచ్చింది. రెండేళ్ళయినా చీవాట్లు పూర్తికాలేదు. మా వైపు ముసలాళ్ళలాగే ఆమెకి అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం అన్నమాట. చూసినవాళ్ళు నాలుక కాలదా అని హడలిపోతారు. సముద్రపు గాలికీ తుంపరకీ నిప్పు ఆరిపోకుండా మా అమ్మమ్మల నాటినుంచీ ఉన్న పద్ధతి అది. అచ్చమ్మ నోట్లో చుట్ట ఉన్నంతసేపూ మా సందు ప్రశాంతంగా ఉండేది.

ఆమె పొయ్యి వేరు, కుండ వేరు. ఖిన్ ఖిన్ చేతి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అడిగితే నప్పి వాసన పడదనేది. ఊరబెట్టిన చేపల ముద్ద వాసన, చేపల గంప కింద ముసలిదైన మనిషికి పడదట! "ఆ గుంట" అనేది, ఆ పిల్ల అన్నట్టు. కోడలా అని ఏనాడూ పిలవలేదు.

ఈ మధ్యలో సీత పుట్టింది. ఆ పేరు పెట్టింది అచ్చమ్మే. తల్లి చేతి నీళ్ళు ముట్టని మనిషి, ఆ తల్లి కన్న పిల్లని మాత్రం ఒళ్ళోంచి దింపేది కాదు. పిల్ల పాకడం మొదలుపెట్టిన వానాకాలంలోనే జ్వరం వచ్చి పోయింది. ఆ రోజు అచ్చమ్మ ఏడ్చిన ఏడుపు పజుండౌంగ్ వాగు అవతలికి వినిపించింది. ఖిన్ ఖిన్ ఏడుపు, ఆ ఇంట్లోనే పక్కగదిలో ఉన్న నాకే వినబడలేదు.

మరుసటి ఏడాది వానలు వెనకబడుతుండగా అచ్చమ్మ తనకీ కొడుక్కీ స్టీమరు టిక్కెట్లు కొనేసింది. "ఇక్కడ నీకేటీ నిలవదురా బుల్లిగా. దేశం ఎలిపోదాం. అక్కడ మన పిల్లని సేస్తాను" అంది. బుల్లియ్య బాయిలరు ముందు మగాడే గాని తల్లి ముందు నోరు లేనివాడు. తల వంచుకుని గోడ గీరుతూ కూర్చున్నాడు. పొయ్యి దగ్గరున్న ఖిన్ ఖిన్ చేతిలో గరిట ఆగిపోయింది. ఆ స్టీమరు వెళ్ళిందంటే ఆ పిల్ల కాపురం కూడా దానితో పాటే వెళ్ళినట్టు. రంగంలో అలా స్టీమరెక్కి మళ్ళీ ముఖం చూపించని మగవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళ పెళ్ళాలకి అన్నం కూడా పెట్టాను.

ఖిన్ ఖిన్ పోట్లాడలేదు. నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది. మౌల్మేన్ అవతల తన మేనమామ ఊరు ఉంది. అక్కడ సున్నపురాతి కొండ ఒకటి, దాని కడుపులోంచి ఒక ఏరు పారుతుంది. ఇటు గుహలో దిగి, ఏటిలో నడిచి, అటువైపు తేలితే చిన్న బుద్ధుడి బొమ్మ. దీపం పట్టుకుని అంత దూరమూ నడిచి అక్కడ పెట్టి కోరుకుంటే జరుగుతుందని వాళ్ళ నమ్మకం. స్టీమరు వెళ్ళేలోపు ఒకసారి అందరం వెళ్ళి వద్దాం, అత్తగారిని ఒప్పించమంది.

"గుహలో ఏటి సేస్తాదే వెంకీ అది?" అచ్చమ్మ చుట్ట తీసి మరీ అడిగింది. "నా కొడుక్కి మందు పెట్టీడానికి గానా?"

"మందు పెట్టాలంటే కూరలో పెడతాది గాని పిన్నీ, రైలెక్కించి కొండలోకి తీసుకెల్లి పెడతాదేటి?"

"నీకు తెలీదు. ఈ దేశపోళ్ళు నీళ్ళలో పెడతారు, గాలిలో పెడతారు. నానూ వొస్తాను. దాని ఎనకాతలే నడుస్తాను. ఏటి సేస్తాదో సూస్తాను."

అలా కాపలాకోసం ఒప్పుకుంది. కొత్త వడ్లు ఇంకా రాలేదు, మిల్లులో బాయిలర్లు చల్లారి ఉన్నాయి. బుల్లియ్యకీ సెలవే, దేముడు అనే వాడి స్నేహితుడికీ సెలవే. దేముడు నా దగ్గర భోంచేసేవాడు. నేను ఊరెళ్తే వాడికి కూడు పెట్టేదెవరని వాడినీ వెంటబెట్టుకున్నాను.

బయలుదేరిన రోజునే ఒక గొడవ. మూటలు పట్టుకుని సందు మలుపు దాకా వెళ్ళామో లేదో, ఇంకా గుమ్మంలోనే ఉన్న దేముడు వెనకనుంచి అరిచాడు: "ఓలమ్మా, అటుకుల మూట మర్సిపోనారు!"

అచ్చమ్మ నిలబడిపోయింది. వెనక్కి నడిచి వచ్చి వాణ్ణి ఆ చివరనుంచి ఈ చివరదాకా కడిగేసింది. "శుభమా అనీసి బయల్దేరినోల్లని ఎనకనించి పిలుస్తావేట్రా? నీ నోట్లో అటుకులు కొట్ట!" అందర్నీ ఇంట్లోకి తోలి, కూర్చోబెట్టి, తలో గుక్కెడు నీళ్ళు తాగించి, అప్పుడు మళ్ళీ బయలుదేరదీసింది.

దారిలో ఖిన్ ఖిన్ నన్ను అడిగింది, ఏమైందని. పనిమీద వెళ్ళేవాళ్ళని వెనకనుంచి పిలిస్తే ఆ పని చెడిపోతుందని మా నమ్మకం, అందులో అచ్చమ్మకి మరీ పట్టుదల అని చెప్పాను. బీచిలో పడవ కదిలాక మొగుడు అన్నం మూట మరిచిపోయినా పిలవకుండా, తానే పీకలోతు నీళ్ళలో ఈది ముందుకి వెళ్ళి అందించిందట ఒకసారి. ఖిన్ ఖిన్ ముక్కు చిట్లించి నవ్వింది. "మేము పిలుస్తాం అప్పా. తిని వెళ్ళు అని పిలుస్తాం" అంది. అప్పా అంటే మా వైపు అక్కా అని, నా దగ్గర నేర్చిన పిలుపే.

రైలు, తరవాత ఏరు దాటే పడవ, తరవాత ఎడ్లబండి. మేనమామని ఆ పిల్ల ఊలే అని పిలిచేది, చిన్నమామ అన్నట్టు. మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. పళ్ళు లేని నవ్వు, పిక్కలమీద పచ్చబొట్లు. ఒక రాత్రి వాళ్ళింట్లో పడుకుని, పొద్దున్నే చద్దన్నాలు తిని కొండ దగ్గరికి నడిచాం. పంటచేల మధ్య కొండ నిట్టనిలువుగా లేచి ఉంది. అడుగున నోరు తెరుచుకుని గుహ. లోపలినుంచి చల్లటి గాలి, గబ్బిలాల కంపు, దూరంగా నీళ్ళ చప్పుడు.

ఊలే గుగ్గిలం కాగడా వెలిగించి నియమాలు చెప్పాడు. నేను తెలుగు చేశాను. నీళ్ళు మోకాలినుంచి నడుం దాకా ఉంటాయి, భయం లేదు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోవాలి. దీపం పట్టుకున్న మనిషి మాత్రం వెనక్కి అడుగు వెయ్యకూడదు. వేస్తే మళ్ళీ ఈ నోటి దగ్గరినుంచి మొదలుపెట్టాలి.

ఖిన్ ఖిన్ కొబ్బరిచిప్పలో మట్టి ప్రమిద పెట్టి, నూనె పోసి వెలిగించింది. ఊలే ఏం కోరుకుంటావని అడిగాడు. ఆ పిల్ల మెల్లగా జవాబు చెప్పింది.

"ఏటంటాది?" అచ్చమ్మ నా మోచెయ్యి పొడిచింది.

నేను ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పాను. "సీత మళ్ళీ తన కడుపునే పుట్టాలని అడుగుతాదట పిన్నీ. ఇంటిదారి మర్సిపోకుండా ఈ దీపమట."

అచ్చమ్మ నోట్లో చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. నిప్పు చూసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ముందు ఊలే, వెనక దేముడు, తరవాత బుల్లియ్య, నేను, నా వెనక దీపంతో ఖిన్ ఖిన్, ఆఖరున కాపలాకి అచ్చమ్మ. ముసలామెని మధ్యలో పెట్టాలని ఊలే ఎంత చెప్పినా ఆమె వినలేదు. చెయ్యి పట్టుకోమంటే ఖిన్ ఖిన్ చెయ్యి పట్టుకోలేదు. ఆ పిల్ల భుజాన వేసుకున్న పొడుగాటి తువ్వాలు కొస మాత్రం రెండు వేళ్ళతో పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది గాని, అది పోట్లాడే చోటు కాదు.

నీళ్ళలోకి అడుగు పెట్టగానే చలి పాదాలనుంచి పళ్ళదాకా పాకింది. అడుగున గులకరాళ్ళు జారుతున్నాయి. గోడలు తడిగా, నున్నగా, పాలపిండి పూసినట్టు తెల్లగా ఉన్నాయి. పైనుంచి చుక్కలు పడుతున్నాయి. మొదట్లో దేముడు వాగుతూనే ఉన్నాడు. "ఓరి బాబూ, పామేదో కాలికి తగిలిందిరా", "అది నా కాల్రా", "మరి మెత్తగుందేటి?" అంటూ. కొంత దూరం వెళ్ళాక వాడూ ఆగిపోయాడు. ఆ నల్లటి చల్లదనంలో మాట్లాడాలనిపించదు. నీళ్ళు మన పక్కనుంచి, మనతో పనిలేనట్టు వెళ్ళిపోతుంటాయి. భయమూ వెయ్యలేదు. మనసు నెమ్మదించింది. పూటకూళ్ళ ఇంట్లో తెల్లారినప్పటినుంచీ అరిచే నాకు, నా నోరు మూసుకుని ఉండడం ఇంత బాగుంటుందని అప్పుడే తెలిసింది.

నీళ్ళు తొడలదాకా వచ్చాయి. ఒకచోట గుహ కప్పు బాగా దిగిపోయింది. గడ్డం నీళ్ళకి తగిలేంతగా వంగి, ఎండ్రకాయలా పక్కకి జరుగుతూ దాటాలి. ఊలే, దేముడు, బుల్లియ్య దూరిపోయారు. కాగడా వెలుగు కూడా వాళ్ళతోనే దూరిపోయింది. అటువైపు ఏరు చిన్న మెట్టుమీదినుంచి పడుతున్నట్టుంది, హోరు వస్తోంది. నా ఒడ్డూపొడుగుకి ఆ సందు చాలదేమోనని దేవుళ్ళందరినీ తలుచుకుని వంగాను. అప్పుడే నా చేతిలోంచి ఖిన్ ఖిన్ చెయ్యి జారిపోయింది.

తిరిగి చూస్తే, దీపం నాకు దూరంగా వెళ్తోంది. వచ్చిన దారినే, వెనక్కి.

"ఏటే పిల్లా, ఎనక్కి ఎల్లకూడదు గదే!" అన్నాను.

"తువ్వాలు ఉత్తగా ఉంది అప్పా" అంది. "లాగితే వచ్చేసింది. అమే లేదు."

అమే అంటే వాళ్ళ భాషలో అమ్మ. అత్తగారిని అలాగే పిలిచేది. పిలిస్తే అచ్చమ్మ పలికేది కాదనుకోండి.

నేను మగవాళ్ళని కేకేశాను. నాకు వెనకా ముందూ పట్టింపు లేదు, ఎవర్నైనా ఎక్కడినుంచైనా పిలుస్తాను. ఆ హోరులో నా కేక నాకే తిరిగి వచ్చింది. ఖిన్ ఖిన్ వెనకే నడిచాను. దీపం ఊగింది, ఒక్కసారి కిందికి పోయింది, ఆరిపోయింది. పిల్ల రాయి తట్టుకుని మోకాళ్ళమీద పడింది.

అంత చీకటి నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

"అమే!" ఖిన్ ఖిన్ పిలిచింది. జవాబు లేదు. "అమే! అమే!" అచ్చమ్మ అంత గొంతున్న మనిషి పలకడం లేదంటే ఇంకేమనుకోవాలి? ముసలి ప్రాణం నీళ్ళలో ఎటు కొట్టుకుపోయిందోనని, పెళ్ళయినప్పటినుంచీ మొక్కని దేవతలకి కూడా మొక్కేశాను.

ఖిన్ ఖిన్ గోడ తడుముకుంటూ పోతోంది. నేను ఆ పిల్ల నడుం పట్టుకుని వెనక. కొంచెం దూరం పోయాక, మాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, మామూలుగా, సంతలో పలికినట్టు పలికింది అచ్చమ్మ.

"ఇక్కడున్నానే."

రాళ్ళ సందున కాలు దిగబడిపోయింది ఆమెకి. లాక్కోబోతే ఇంకా బిగుసుకుంది, పట్టుజారి తువ్వాలు కొస వదిలేసింది. నడుందాకా నీళ్ళలో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మా దీపం దూరమవడం చూస్తూనే ఉంది. చూస్తూ నోరు మెదపలేదు.

ఖిన్ ఖిన్ ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగింది. ఒకసారి లేచి గాలి పీల్చి మళ్ళీ మునిగింది. రాయి కదిలిన చప్పుడు నా పాదాలకి తెలిసింది. పిల్ల లేచేసరికి అచ్చమ్మ పాదం ఆ పిల్ల రెండు చేతుల మధ్య ఉంది. ముసలామె పడిపోకుండా ఆ పిల్ల తలమీద చెయ్యి ఆనించి నిలబడింది. చీకట్లో ఇదంతా ఎలా చూశావంటారా? ఆ తల నిమురుతున్న ఇంకో చెయ్యి నాదే. నా చేతికి ముసలామె వేళ్ళు తగిలాయి. అవి వెంటనే లేవలేదు.

భయం పోగానే నాకు కోపం వచ్చింది. "నీ గొంతు ఏ గంగలో కలిసింది పిన్నీ? రేవులో అరిస్తే స్టీమరు ఆగుతాది. ఇక్కడ ఒక్క కేక వెయ్యలేకపోనావా? నోట్లో చుట్ట ఊసీడానికి అంత బాదేటి?"

"సుట్ట కాదే" అంది అచ్చమ్మ.

"మరేటి?"

ఆమె అంది: "సీత గుంటని ఇంటికి పిలుసుకు రావడానికి ఎల్తంది అది. నాను ఎనకనించి పిలుస్తానేటే? నా నోటితో నానే దాని తోవ సెడగొడతానేటి? ఆ ఊలే మళ్ళీ ఇటే వొస్తాడు గదా, అప్పుడు తీస్తాడులే అనుకున్నాను."

"పోనీ అది నిన్ను పిలిసినప్పుడైనా పలకొచ్చు గదా!"

"నాను పలికితే నా మాట దాని ఎనకనించి ఎల్తాదో, ముందరనించి ఎల్తాదో సీకట్లో నాకెలా తెలుస్తాది? దగ్గరకొచ్చి ఇటు మొకమే ఉన్నాదని తెలిసినాక పలికినాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ మాటలు ఖిన్ ఖిన్‌కి బర్మాలో చెబుదామని నోరు తెరిచాను. చెప్పే అవసరం లేకపోయింది. నీళ్ళలో మునిగినప్పుడు కూడా వణకని పిల్ల, నా చేతికింద ఒళ్ళంతా వణుకుతూ ఏడుస్తోంది. సీత పోయిన రోజున నాకు వినబడని ఏడుపు అది. ఇన్నాళ్ళకి, ఆ కొండ కడుపులో, గొంతెత్తి ఏడ్చింది.

అచ్చమ్మ కొంతసేపు ఏడవనిచ్చి, "దీపం ఏదే?" అంది.

దీపం ఖిన్ ఖిన్ చేతిలోనే ఉంది. పడినా చిప్ప వదల్లేదు. వత్తి తడిసింది. నూనె కొంచెం మిగిలి ఉంది. నా నడుం దగ్గరి అగ్గిపెట్టె పిండితే నీళ్ళు కారాయి.

"అగ్గిపెట్టెలట, అగ్గిపెట్టెలు" అని గొణిగి అచ్చమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఊదింది. చీకట్లో ఎర్రటి చుక్క ఒకటి కళ్ళు తెరిచింది. ఆ చుక్క వెనక ఆమె ముఖం, ఎదురుగా ఖిన్ ఖిన్ తడి ముఖం కనిపించాయి. ఆ రెండు ముఖాలూ అంత దగ్గరగా నేను అంతకుముందు చూడలేదు.

ఖిన్ ఖిన్ ముడిలోంచి తన బర్మా చుట్ట లాగింది. నూనె రాసిన ఒత్తైన జుట్టు, లోపలి కొస పొడిగానే ఉంది. చాపింది. అచ్చమ్మ తన నోటి నిప్పుని ఆ కొసకి ఆనించింది. ఈమె ఊదుతుంటే ఆమె పీల్చింది. కోడలి చేతి నీళ్ళు కూడా ముట్టని మనిషి నోటి ఎంగిలి నిప్పు చేతులు మారడం నేను కళ్ళారా చూశాను. పిల్ల చుట్ట అంటుకోగానే దాని ఆకు చీల్చి, ఊది ఊది మంట చేసింది. వత్తిని పిండి, నూనెలో ముంచి ఆ మంటకి పెట్టింది. చిటపటలాడి, రెండుసార్లు ఆరిపోయి, చివరికి నిలబడింది.

"పద" అంది అచ్చమ్మ. "మొదటినించి మొదలెడదాం."

అప్పటికి మగవాళ్ళు మేము రావడం లేదని గ్రహించి, పెద్దగా అరుస్తూ ఆ సందులోంచి దూరుకుంటూ వచ్చారు. బుల్లియ్య ముఖంలో నెత్తురు లేదు. దేముడికి మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి. ఏమైందని అడిగితే, "ఏటీ అవలేదురా. మీరు ముందెళ్ళిపోనారు, మావు ఎనకబడిపోనాం. మగోల్లు సేసే పనే గదా" అంది తల్లి.

గుహ నోటిదాకా వెనక్కి నడిచాం. ఎండలో కాసేపు కూర్చుని, తలో గుక్కెడు నీళ్ళు తాగాం. మళ్ళీ బయలుదేరేముందు అచ్చమ్మ తానే వెళ్ళి ఊలే వెనక నిలబడింది. "ఈపాలి నాను ముందు నడుస్తాను. దాని ఎనకాతల వెంకీ ఉంటాది. వెంకీ, నీ నోరు కుట్టీసుకో."

ఈసారి తువ్వాలు కొస పట్టుకోలేదు. చెయ్యి వెనక్కి చాపింది. ఖిన్ ఖిన్ పట్టుకుంది. నేను ఆ దారంతా, వంగి దూరే సందులో నడుం పట్టేసినా కూడా, ఒక్క మాట మాట్లాడలేదు. నా జీవితంలో నేను చేసిన పుణ్యకార్యాల్లో అది గొప్పదని ఇప్పటికీ అనుకుంటాను.

అటువైపు వెలుగు మొదట నీళ్ళమీద పచ్చగా కనిపించింది, తరవాత ఆకులు, తరవాత ఆకాశం. రాతి గూట్లో మోచెయ్యంత బొమ్మ. ఖిన్ ఖిన్ దీపం పెట్టి మోకరిల్లింది. అచ్చమ్మ నిలబడే చేతులు జోడించి, బొమ్మతో మా యాసలోనే గట్టిగా చెప్పింది: "బాబూ, గుంట పేరు సీత. మాది పజుండౌంగ్. ఇల్లు మార్సలేదు."

మౌల్మేన్‌నుంచి వచ్చాక స్టీమరు రోజు రానే వచ్చింది. టిక్కెట్లు రెండూ ఉన్నాయి. అచ్చమ్మ ఒకటి తన కొంగున కట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టింది. "భీమిలిలో పాక అమ్మీసి, నా గంపా సామానూ మా సెల్లికి ఇచ్చీసి వొచ్చీయాలి. ఒక్కదాన్నీ ఎల్లలేను. నువ్వు రా. నువ్వూ దేశం సూసి శానా ఏల్లయింది గదా." కొడుకు మాట ఎత్తలేదు. బుల్లియ్య గోడ గీరడం మానేసి మొదటిసారి తలెత్తి చూశాడు.

రేవులో జనం కిటకిటలాడుతున్నారు. నేను మూటలతో ముందే ఎక్కి, డెక్కుమీద చోటు పట్టి కింది రేవు చూస్తున్నాను. అచ్చమ్మ నిచ్చెన ఎక్కుతోంది. ఆమె వెనక, కింద, మనుషుల మధ్య ఖిన్ ఖిన్, బుల్లియ్య నిలబడి ఉన్నారు. అప్పుడు చూశాను. ఖిన్ ఖిన్ చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది. దారిలో పీల్చడానికి అచ్చమ్మకోసం ఆ పిల్ల కూర్చుని చుట్టిన చుట్టలు. ముసలామె తీసుకోవడం మరిచిపోయింది.

బుల్లియ్య కూడా మూట చూసి, తల్లిని పిలవబోయి నోరు తెరిచాడు. ఖిన్ ఖిన్ గభాలున వాడి నోటిమీద చెయ్యి వేసి మూసేసింది. తన పెదాలూ బిగించేసింది. మూట గుండెకి అదుముకుని, నిచ్చెన ఎక్కుతున్న వీపుకేసి చూస్తూ నిలబడిపోయింది. పైనుంచి నాకు చెప్పాలనిపించింది. నా నోరు కూడా మూసుకున్నాను.

అచ్చమ్మ సగంలో ఆగింది. ఎందుకు ఆగిందో నేను తరవాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఎవరూ పిలవలేదు. తనంతట తానే వెనక్కి తిరిగింది. కొడుకు నోటిమీద ఉన్న చెయ్యి చూసింది. ఇంకో చేతిలో మూట చూసింది.

ఎక్కేవాళ్ళని తిట్టుకుంటూ, తోసుకుంటూ కిందికి దిగింది. ఖిన్ ఖిన్ చేతిలోంచి మూట అందుకుంది. విప్పి, ఒక చుట్ట తీసి, ఆ పిల్ల ముడిలో గుచ్చింది.

"ఎల్లొస్తానే, కోడలా" అంది.